ఇంజిన్ చేయించాలా, ఇంజిన్ మార్చాలా, బండే మార్చాలా?

నర్సంపేట దగ్గరి ఒక పల్లె నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దని కోరారు కనుక వాటిని వదిలి, విషయాన్ని ఆమె చెప్పిన క్రమంలోనే క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమె భర్త 2017లో ఒక పాత బొలెరో పికప్ కొన్నారు. అది 2012 మోడల్, ఇప్పటికీ ఏపీ 36 నంబరే. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే భాగం) ఉన్న పంపు ఇంజిన్, కంప్యూటరుతో నడిచే కామన్ రైల్ రకం కాదు. అక్టోబరు నుంచి జనవరి దాకా పత్తి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి బస్తాలు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తోలుతారు. మిగతా అయిదు నెలలు ఎరువులు, కూరగాయలు, ఇంటి సామాన్లు, ఏ కిరాయి దొరికితే అది. మొన్నటి మిర్చి సీజనులో నిండు లోడుతో పోతుండగా గిర్నిబావి దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. కాంటా వేళకు చేరుకోవాలన్న తొందరలో ఆయన బండి ఆపలేదు. నాలుగైదు కిలోమీటర్లు పోయాక రేడియేటరు నుంచి ఆవిరి ఎగజిమ్మి బండి తనంతట తానే ఆగింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే పొర) మార్పించారు, 9,000 రూపాయలు అయింది. అప్పటి నుంచి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తోంది, లోడుతో ఎత్తు ఎక్కడానికి ఇబ్బంది పడుతోంది, డిప్‌స్టిక్ లాగితే పొగ తన్నుతోంది. ఆరు వందల కిలోమీటర్లకు ఒక లీటరు ఇంజిన్ ఆయిల్ పోయాల్సి వస్తోంది. లీటరుకు 13 ఇచ్చిన బండి ఇప్పుడు 10 ఇస్తోంది.

ఇంట్లో మూడు సలహాలు నలుగుతున్నాయి. ఎనిమిదేళ్లుగా ఈ బండి పని చూస్తున్న నర్సంపేట మెకానిక్, ఇంజిన్ దించి ఫుల్ వర్క్ చేస్తానని, 1,15,000 అవుతుందని అన్నారు. ఆమె బావగారు హైదరాబాద్‌లో ఒక యాక్సిడెంట్ బండి ఇంజిన్ చూసి పెట్టారు. దాని ధర 70,000, బిగింపు కూలి 15,000, రెండు రోజుల్లో బండి రోడ్డెక్కుతుందని ఆయన మాట. భర్త స్నేహితుడేమో పాతదాన్ని వదిలించుకుని పది లక్షల కొత్త బండి తీసుకొమ్మంటున్నారు. లక్షన్నర ముందు కట్టి, మిగిలిన ఎనిమిదిన్నర లక్షలకు నెలకు 18,500 చొప్పున అయిదేళ్లు కిస్తీ కట్టాలి. ఏ దారిలో పోయినా ముందుగా కదిలేది ఆమె నాలుగు తులాల బంగారమే. పెద్దమ్మాయి హనుమకొండలో ఇంటర్ చదువుతోంది. భర్త ఈ మూడింటిలో దేనికీ అవుననడం లేదు, కాదనడం లేదు. రాత్రిళ్లు లేచి బండి దగ్గర నిలబడుతున్నారు. "ఇంజిన్ సంగతి నీకేం తెలుసు అంటారు. నిజంగానే తెలియదు. కానీ ఆరేళ్ల నుంచి ప్రతి ట్రిప్పు, ప్రతి లీటరు డీజిల్, ప్రతి డబ్బా ఆయిల్ నోట్‌బుక్‌లో రాసేది నేనే. ఏం చేయాలో చెప్పండి" అని ఆమె ఉత్తరం ముగించారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నోట్‌బుక్ నుంచి మీరు ఎత్తి రాసిన లెక్కలను మూడోసారి కూడా చూశాను. ముప్ఫై ఏళ్లు డీజిల్ ఇంజిన్ల పని చేసి, చేయించినవాడిగా ఒక మాట ముందే చెప్పాలి. మీకు సలహా ఇచ్చిన ముగ్గురూ మీ మేలు కోరేవారే అయినా, ముగ్గురిలో ఒక్కరు కూడా ఆ ఇంజిన్‌ను కొలిచి చూడలేదు. పొగ చూశారు, చప్పుడు విన్నారు, ధర చెప్పారు. కొలిచి అంకె చెప్పినవారు మీ ఇంట్లో ఇప్పటికి మీరొక్కరే. అందువల్ల ఇంజిన్ సంగతి మీకు తెలియదన్న మాటను నేను ఒప్పుకోను.

ముందుగా మీ వారి మౌనం గురించి చెబుతాను, ఎందుకంటే అది తేలకపోతే ఏ నిర్ణయమూ సక్రమంగా జరగదు. ముల్లు లేచినా ఆపకపోవడం తప్పే, అందులో సందేహం లేదు. ఇంజిన్ మితిమీరి వేడెక్కితే హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది, పిస్టన్ రింగులు బిగువు కోల్పోతాయి, సిలిండరు గోడల మీద గీతలు పడతాయి. అయితే మీటరు ఆగిపోయే నాటికే ఆ బండి 2,80,000 కిలోమీటర్లు తిరిగిందని మీరే రాశారు. బరువు మోసే పికప్‌కు అంత దూరం తిరిగాక రింగులు, బేరింగులు అరగడం సహజం. గిర్నిబావి దగ్గర జరిగింది ఆ అరుగుదలను ఏడాదో రెండేళ్లో ముందుకు జరిపిందే తప్ప, బాగున్న ఇంజిన్‌ను ఒక్క పూటలో చంపలేదు. ఈ మాట మీరు ఆయనకు చెప్పండి, లేదా ఈ పేరా ఆయన చేత చదివించండి. తన వల్లే ఇల్లు అప్పులో పడుతోందని అనుకునే మనిషి అడిగిన ధర అడిగినట్టు ఇచ్చేస్తాడు, లేదా ఏ మాటా తేల్చకుండా నెలలు గడిపేస్తాడు. రెండూ మీకు నష్టమే.

ఇక కొలతల విషయం. ఇంజిన్ దించక ముందే చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి ఒక పూట చాలు. మొదటిది కంప్రెషన్ పరీక్ష. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఒక్కొక్క నాజిల్ (సిలిండరులోకి డీజిల్ చల్లే ముక్కు) విప్పి, ఆ రంధ్రంలో డీజిల్ గేజీ పెట్టి, నాలుగు సిలిండర్లలోనూ ఎంత ఒత్తిడి పుడుతోందో చూస్తారు. పెట్రోలు బండ్ల గేజీ దీనికి పనికిరాదు. నాలుగు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. వాటి మధ్య తేడా పది శాతం దాటితే ఏ సిలిండరు బలహీనపడిందో అక్కడే తెలుస్తుంది. తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూసినప్పుడు అంకె పెరిగితే లోపం రింగుల్లో, బోరులో (సిలిండరు లోపలి గోడలో) ఉన్నట్టు. పెరగకపోతే వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో ఉన్నట్టు. చెంచాకు మించి పోయనివ్వకండి, డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైన మిగిలే ఖాళీ చాలా తక్కువ.

రెండోది టర్బో. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోందని అర్థం, కానీ ఆ ఆయిల్ ఏ దారిలో సిలిండరులోకి పోతోందన్నది వేరే ప్రశ్న. రింగులు అరిగితే కింది నుంచి వస్తుంది, వాల్వు సీళ్లు గట్టిపడితే పై నుంచి వస్తుంది, టర్బో సీళ్లు పోతే గాలి గొట్టంలోంచి వస్తుంది. టర్బో నుంచి ఇంజిన్‌లోకి పోయే గొట్టం విప్పి వేలు పెట్టి చూడమనండి, లోపల ఆయిల్ కారుతూ ఉంటే టర్బోను కూడా అనుమానించాలి. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వచ్చి తగ్గిపోయే పొగ చాలాసార్లు వాల్వు సీళ్ల వల్ల వస్తుంది. ఆ పనికి ఇంజిన్ దించనక్కరలేదు, లక్ష రూపాయలూ అక్కరలేదు. మీ ఉత్తరంలో డిప్‌స్టిక్ నుంచి పొగ తన్నుతోందని, ఎత్తులో బలం చాలడం లేదని ఉంది కాబట్టి నా ఊహ రింగుల వైపే మొగ్గుతోంది. అయినా ఊహ మీద మీ బంగారం కదిలించమని నేను చెప్పలేను.

మూడోది, మార్చిలో జరిగిన గ్యాస్కెట్ పని. ఆ రోజు హెడ్‌ను లేత్‌కు పంపి ఫేసింగ్ (అడుగును చదును చేయడం) చేయించారా, పగుళ్లు ఉన్నాయేమో చూశారా, లేక ఉన్న హెడ్ మీదే కొత్త గ్యాస్కెట్ పెట్టి బిగించారా? 9,000లో అన్నీ అయ్యాయంటే ఫేసింగ్ జరిగిందో లేదో అడిగి తెలుసుకోవాలి. వంగిన హెడ్ మీద ఎన్ని గ్యాస్కెట్లు మార్చినా నిలవవు. రేడియేటరులో నీళ్లు తగ్గుతున్నాయా, ఆయిల్ మూత లోపల మజ్జిగ రంగు నురగ కనబడుతోందా అని కూడా చూడండి. ఇవి మీరే చూడవచ్చు. బండి పూర్తిగా చల్లారాకే రేడియేటరు మూత తీయండి.

మైలేజీ పడిపోవడానికి ఇంజిన్ ఒక్కటే కారణం కాకపోవచ్చునని కూడా గుర్తుంచుకోండి. క్లచ్ ప్లేటు జారుతున్నా, బ్రేకులు పట్టి ఉంచుతున్నా, ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, నాజిళ్లు సరిగా కొట్టకపోయినా డీజిల్ ఎక్కువే తాగుతుంది. ఇవన్నీ చిన్న పనులు. వాటిని సరిచేశాక లీటరుకు 11 వచ్చిందంటే, మిగిలిన నష్టమే ఇంజిన్‌ది.

ఇంజిన్ కంటే ముందు చూడవలసింది మరొకటి ఉంది, అది ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం. వర్షాల్లో, ఎరువుల లోడుల్లో తిరిగిన పదమూడేళ్ల బండికి ఛాసిస్ పట్టీలు, క్రాస్ మెంబర్లు, కమాన్ పట్టీల బ్రాకెట్లు ఎలా ఉన్నాయో బండిని ర్యాంపు ఎక్కించి కింద నుంచి చూడాలి. యూరియా తడి తగిలిన ఇనుము ఎంత త్వరగా తుప్పు తింటుందో మీ వారికి నేను చెప్పనక్కరలేదు. గేరుబాక్సు, వెనక హౌసింగు చప్పుడు చేస్తున్నాయా అన్నది కూడా ఆ రోజే తేల్చాలి. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి, వయసు పెరిగేకొద్దీ ఆ ఫీజు కూడా పెరుగుతుంది. ఛాసిస్ ఇంకో మూడేళ్లు ధైర్యంగా నిలుస్తుందంటేనే ఇంజిన్ మీద లక్ష పెట్టడంలో అర్థం ఉంది. నిలవదని తేలితే కింద రాసిన మొదటి రెండు దారులనూ వదిలేయండి, ఎందుకంటే కొత్తగా చేయించిన ఇంజిన్‌ను పాత ఇనుము ధరకు అమ్ముకోవలసి వస్తుంది.

ఇప్పుడు ఒక్కొక్క దారి ఎక్కడికి పోతుందో చూద్దాం.

మీ మెకానిక్ చెప్పిన ఫుల్ వర్క్ అంటే మాటగా చెప్పుకున్నంత స్థిరమైన పని కాదు. ఇంజిన్ దించి విప్పాక బోరును గేజీతో, క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) మైక్రోమీటరుతో కొలుస్తారు. బోరు పైన ఎక్కువగా, కింద తక్కువగా అరిగి ఉంటుంది, గుండ్రం పోయి కోలగా కూడా అయి ఉంటుంది. ఎంత అరిగిందన్న దాన్ని బట్టి బోరింగ్ చేసి పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు, లేదా స్లీవులు (సిలిండరు లోపలి తొడుగులు) మార్చి మళ్లీ స్టాండర్డ్ సైజుకు తెస్తారు. క్రాంకు బాగుంటే పాలిష్‌తో సరిపోతుంది, గీతలు పడితే గ్రైండింగ్ చేయించి దానికి తగిన అండర్‌సైజు బేరింగులు వేయాలి. హెడ్‌కు ఫేసింగ్, వాల్వు సీటింగ్, గైడ్లు. నాజిళ్లకూ పంపుకూ కాలిబ్రేషన్. 1,15,000లో వీటిలో ఏవి ఉన్నాయి, ఏవి లేవు? క్రాంకు గ్రైండింగ్ అవసరమని తేలితే ధర ఎంతకు పోతుంది? ఇది మాటల్లో వద్దు, కాగితం మీద రాయించుకోండి. తప్పకుండా మార్చేవి ఒకవైపు, కొలిచాక అవసరమైతే చేసేవి ఇంకోవైపు రాయించి, రెండోవైపు ఉన్న ప్రతి పనికీ ధర వేయించండి. సామాన్లు మీ వారే వెళ్లి కొని బిల్లులు తేవాలి, విప్పిన పాత సామాన్లు ఇంటికి రావాలి, లేత్ వాళ్ల బిల్లు విడిగా ఉండాలి. ఎనిమిదేళ్ల పరిచయం ఉన్న మెకానిక్ దగ్గర ఇలా అడగడం బాగుండదని మీ వారు అనవచ్చు. పని మీద గౌరవం ఉన్న మెకానిక్ దీనికి నొచ్చుకోడు. తర్వాత మాట పడకుండా ఆయనకు కూడా ఆ కాగితమే అండ.

ఈ దారిలో మీరు ఆగగలిగే చోటు ఒకటి ఉంది, దాన్ని పని మొదలుకాక ముందే ఒప్పందం చేసుకోండి. విప్పి కొలిచాక, ఏ సామానూ కొనక ముందు, మీ వారు వెళ్లి అంకెలు చూడాలి. బ్లాకు పగిలిందనో, క్రాంకు గ్రైండింగ్‌కు కూడా దొరకనంతగా అరిగిందనో తేలితే, విప్పిన కూలి ఇచ్చి అక్కడితో ఆపే హక్కు మీకు ఉండాలి. చాలా ఇళ్లలో డబ్బు పోయేది ఈ చోటే. విప్పాం కదా, ఇంక వెనక్కి పోలేం అని 1,15,000 కాస్తా 1,70,000 అవుతుంది.

నా చేతుల మీదుగా జరిగిన పొరపాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక కూరగాయల బండికి బోరింగ్ మొదలుకొని నాజిళ్ల దాకా అన్నీ చేసి ఇచ్చాను. రేడియేటరును మాత్రం నీళ్లతో కడిగి అలాగే బిగించాను. దాని లోపలి గొట్టాల్లో సగం బోరుబావి నీళ్ల సున్నంతో మూసుకుపోయాయని నాకు తెలిసేసరికి నాలుగు నెలలైంది, ఎండాకాలం వచ్చింది, పిస్టన్లు పట్టేశాయి. ఆ రైతు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే చెబుతున్నాను, మీ ఇంజిన్ ఎందుకు వేడెక్కిందో కనుక్కోకుండా ఎంత మంచి పని చేయించినా అది మళ్లీ వేడెక్కుతుంది. రేడియేటరును విప్పించి రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ పెట్టి శుభ్రం చేయడం) చేయించాలి లేదా కోరు మార్చాలి, వాటర్ పంపు, ఫ్యాన్ బెల్టు, హోజు పైపులు చూడాలి. థర్మోస్టాట్‌ను (వేడిని బట్టి నీళ్లను వదిలే వాల్వును) తీసి పారేసి ఉంటే కొత్తది పెట్టించాలి. అది లేకపోతే బండి చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, కానీ కావలసిన వేడి రాక బోరు త్వరగా అరుగుతుంది. మన వైపు బోరుబావి నీళ్లు రేడియేటరులో పోయడం మాని, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పోయండి. ఇంజిన్ కిందికి దిగి ఉన్నప్పుడే క్లచ్ ప్లేటు, ఇంజిన్ మౌంటింగులు మార్చుకుంటే తర్వాత మళ్లీ కూలి పడదు. ఈ లెక్కంతా కలిపితే మీ 1,15,000 మీద ఇంకో పదిహేను, ఇరవై వేలు చేతిలో ఉంచుకోవాలి. అంత లేనప్పుడు పని మొదలుపెట్టడం కంటే ఒక నెల ఆగడం నయం.

బావగారు చూసిన ఇంజిన్ విషయంలో నాకు ఎక్కువ భయం కాగితాల గురించే. ఇంజిన్ నంబరు మీ ఆర్సీలో ఉంటుంది, ఇన్సూరెన్స్ పాలసీలో ఉంటుంది. వేరే ఇంజిన్ బిగిస్తే ఆ రెండు చోట్లా నంబరు మారాలి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిలో చేసే మార్పుల గురించినదే, ఇంజిన్ మార్పు కూడా అందులోకే వస్తుంది. బిగించక ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి, అనుమతి తీసుకుని, తర్వాత ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. ఇది చేయకపోతే వచ్చే ఫిట్‌నెస్ నాడే నంబరు కలవక బండి ఆగవచ్చు. అంతకంటే పెద్ద ముప్పు ప్రమాదం జరిగినప్పుడు వస్తుంది. బండి వివరాలు కాగితంతో కలవడం లేదని ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమును అడ్డుకునే అవకాశం మనమే చేతికిచ్చినట్టవుతుంది. పైగా ఆ ఇంజిన్ ఏ బండిది? ఆ బండి ఆర్సీ కాపీ, అమ్మినవారి బిల్లు, బిల్లు మీద ఇంజిన్ నంబరు లేకుండా దాన్ని ఇంటికి తీసుకురావద్దు. దొంగబండి ఇంజిన్ అని తేలితే పోలీసుల ఎదుట నిలబడవలసింది మీ వారే.

కాగితాలు బాగున్నాయనుకుందాం. అప్పుడు కూడా చూడవలసినవి ఉన్నాయి. అది మీ బండిలాగే పంపు ఇంజినేనా? 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. కొత్త మోడల్ కామన్ రైల్ ఇంజిన్ అయితే దానికి వైరింగు, కంప్యూటరు, సెన్సర్లు అన్నీ కావాలి, మీ బండిలో అవి లేవు. యాక్సిడెంట్ ముందు నుంచి తగిలిందా, పక్క నుంచి తగిలిందా? ఇంజిన్‌ను కింద పెట్టి అయినా స్టార్ట్ చేసి చూపిస్తారా? మీ ఇంజిన్‌కు చేయించబోయే కంప్రెషన్ పరీక్షే దానికీ చేయించనిస్తారా? చేయించనివ్వకపోతే మీ అరిగిన ఇంజిన్ ఇచ్చి వేరొకరి అరిగిన ఇంజిన్ కొన్నట్టు అవుతుంది. ఇవన్నీ సరిగా కుదిరితే ఈ దారిలో నిజమైన లాభం ఉంది, 30,000 తక్కువలో, వారం రోజుల్లో బండి నడుస్తుంది. మీ బండి బ్లాకు పగిలిందని తేలినప్పుడు ఇదే మొదటి దారి అవుతుంది. బావగారితో మాట్లాడేటప్పుడు వద్దు అనకండి, "బావా, ఆ బండి ఆర్సీ కాపీ తెప్పించండి, కంప్రెషన్ చూపిస్తే తీసుకుంటాం" అనండి. ఆయన మాటకు విలువ ఇచ్చినట్టూ ఉంటుంది, రేపు ఇంజిన్ తేడా చేస్తే ఆయన మీద నింద పడకుండానూ ఉంటుంది.

కొత్త బండి లెక్క మీ నోట్‌బుక్ నుంచే తీశాను. అన్ని ఖర్చులూ పోగా మిర్చి మూడు నెలలు నెలకు 32,000, పత్తి నాలుగు నెలలు 24,000, మిగతా అయిదు నెలలు 11,500 మిగులుతున్నాయని రాశారు. ఏడాదికి 2,49,500, నెల సగటు 20,800. ఇందులోంచి 18,500 కిస్తీ తీస్తే ఇంటికి మిగిలేది 2,300. అయితే ఈ లెక్క కొత్త బండికి కొంత అన్యాయం చేస్తుంది, ఎందుకంటే ఈ 20,800 జబ్బుపడిన బండి సంపాదన. నెలకు 2,500 కిలోమీటర్లు తిరిగే బండి 13కు బదులు 10 ఇస్తే 58 లీటర్ల డీజిల్ అదనంగా పోతుంది. లీటరు 95 చొప్పున అది 5,500. నెలకు నాలుగు లీటర్ల ఆయిల్‌కు ఇంకో 1,400. మొత్తం దాదాపు 6,900 ప్రతి నెలా పొగలో పోతోంది. బాగున్న బండి అయితే సగటున 27,700 తెచ్చేది, కిస్తీ పోగా 9,200 మిగిలేది. కానీ సగటు కాగితం మీదే ఉంటుంది, కిస్తీ నెల నెలా వస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా బండి తెచ్చే దానికంటే కిస్తీయే ఎక్కువ. ఆ అయిదు నెలల లోటును ఏప్రిల్‌లో దాచిన డబ్బుతో పూడ్చగలరా, పెద్దమ్మాయి ఫీజు కూడా ఆ నెలల్లోనే పడుతుందా అన్నది మీకే తెలియాలి. అయిదేళ్లలో మీరు కట్టేది 11,10,000, అందులో వడ్డీ దాదాపు 2,60,000.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, మీకు చెప్పిన పది లక్షలు ఆ తగ్గింపు తర్వాతి ధరేనా అని కొటేషన్ అడిగి చూడండి. మీ వారికి ఏడాది పొడవునా నిలకడగా కిరాయి ఇచ్చే ఎరువుల దుకాణమో, పాల కేంద్రమో, మిల్లో మాట ఇస్తే కొత్త బండి తప్పు నిర్ణయం కాదు. అటువంటి మాట లేకుండా, సీజను మీద ఆశతో మాత్రం తీసుకోవద్దని నా అభిప్రాయం. ఇంట్లో ఎవరూ ఎత్తని నాలుగో మాట ఒకటుంది, ఆరేడేళ్ల వయసున్న మరో పికప్. ఛాసిస్ పోయిందని తేలితే, కొత్తదాని కంటే ముందు దాన్ని వెదకండి. అప్పు సగానికి తగ్గుతుంది.

ఏమీ చేయకుండా ఈ సీజను గడిపేయడం కూడా ఒక దారే, మీ వారు ఇప్పుడు నడుస్తున్నది అందులోనే. దాని ఖరీదు నెలకు 6,900 అని పైన చూశాం. మిర్చి నడి సీజనులో బండి దారిలో నిలిచిపోతే పోయే కిరాయి, వేరే బండికి బస్తాలు మార్చే కూలి దీనికి అదనం.

నేను మీ చోట ఉంటే ఏం చేస్తానని అడిగారు. పరీక్షలు ఈ వారమే చేయిస్తాను. కంప్రెషన్ నిజంగా పోయి, ఛాసిస్ బాగుంటే, మీ పాత మెకానిక్ చేతనే పని చేయిస్తాను, ఎందుకంటే ఇంజిన్ నంబరు మారదు, బండి చరిత్ర ఆయనకు తెలుసు, రేపు ఏదైనా వస్తే ఆయన నర్సంపేటలోనే ఉంటారు. ఈ ఖర్చును మూడేళ్లకు పంచితే నెలకు 3,750కు మించదు, మిగిలే 6,900లోంచే అది తీరుతుంది. పత్తి అక్టోబరులో మొదలవుతుంది, ఇంజిన్ పనికి లేత్ తిప్పట్లతో కలిపి పది పదిహేను రోజులు పడుతుంది, కనుక ఈ ఖాళీ నెలను జారవిడవకండి. బంగారం విషయంలో, నాలుగు తులాలూ ఒకేసారి కదిలించనక్కరలేదు. మీ మహిళా సంఘంలో ఎంత వస్తుందో ముందు అడగండి, తక్కువ పడిన దానికే బంగారం పెట్టండి, అది కూడా బ్యాంకులో. నెలకు వందకు రెండు, మూడు రూపాయల వడ్డీ అడిగే కుదువ దుకాణంలో పెడితే ఇంజిన్ మిగిల్చేది వడ్డీ తింటుంది.

పరీక్షలో కంప్రెషన్ బాగానే ఉందని, లోపం వాల్వు సీళ్లలోనో టర్బోలోనో ఉందని తేలితే, ఈ ఉత్తరంలో సగం మీకు అక్కరలేదు. ఆ చిన్న పని చేయించి, రేడియేటరు బాగుచేయించి, రెండు నెలలు నోట్‌బుక్ చూస్తూ ఉండండి.

పని పూర్తయి బండి ఇంటికి వచ్చాక మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడే వేయాలి. ఎత్తుల్లో ఇంజిన్‌ను గుంజించకూడదు, గంటల తరబడి ఒకే వేగంతో తోలకూడదు, నిలబెట్టి ఊరికే నడపకూడదు. వెయ్యి కాగానే ఆయిల్, ఫిల్టరు మార్చి, ట్యాపెట్లు (వాల్వుల సందు) చూపించాలి. ఇక్కడే మీ బండికి ఒక ఇబ్బంది ఉంది. మీటరు ఆగిపోయి రెండేళ్లయింది, ఎనుమాములకు పోయిరావడం 80 కిలోమీటర్లు అని ట్రిప్పులు లెక్కపెట్టి మీరు దూరం రాస్తున్నారు. ఇంతకాలం అది సరిపోయింది. ఇంజిన్ దిగినప్పుడే ఆ మీటరు కేబుల్ కూడా వేయించండి, కొన్ని వందలకు మించదు. బండి బయటకు తీసిన రోజు మీటరు అంకెను కొత్త పేజీ మొదటి వరుసలో రాసి, దాని పక్కనే వెయ్యి కలిపిన అంకెను ఎర్ర పెన్నుతో రాసి పెట్టండి.